ఆచూకీకి పద్దు ఏది?

జిల్లా పత్రిక లోపలి పేజీలో తరచూ కనిపించే వార్త ఒకటుంది. రైలు పట్టాల పక్కనో, చెరువు కట్ట కిందో, బస్టాండు ప్లాట్‌ఫారం మీదో గుర్తు తెలియని వ్యక్తి మృతదేహం. వయసు 45 నుంచి 50 మధ్య. ఎత్తు అయిదున్నర అడుగులు. చామనఛాయ. నీలం గళ్ల చొక్కా, నల్ల ప్యాంటు. వివరాలు తెలిసినవారు ఫలానా స్టేషన్‌లో సంప్రదించగలరు. తెలుగునాట ఆ వయసు మగవాళ్లలో సగం మందికి ఈ వర్ణన సరిపోతుంది. ఇంటి నుంచి బయల్దేరినప్పుడు వేసుకున్న చొక్కాతోనే మనిషి చనిపోవాలన్న నియమమూ లేదు. అదే పత్రిక మరో జిల్లా సంచికలో, కొన్ని వారాల ముందో వెనకో, ఇంకో ప్రకటన వచ్చి ఉంటుంది: మా నాన్నగారు ఇంటి నుంచి వెళ్లి తిరిగి రాలేదు, మతిమరుపు ఉంది, చూసినవారు దయచేసి తెలపండి.

రెండూ ఒకే మనిషి గురించి కావచ్చు. పోలీసుల కంప్యూటర్లలో ఈ రెండు జాబితాలూ ఉన్నాయి. వెతకడం మాత్రం వయసు, ఎత్తు, పుట్టుమచ్చ, ఫొటో ఆధారంగానే సాగుతుంది. నీళ్లలో నాలుగు రోజులు నానిన ముఖాన్ని ఫొటోతో పోల్చడం ఎంతవరకు సాధ్యమో ఊహించుకోవచ్చు. జాబితాలను రక్తసంబంధంతో కలిపే జాతీయ డీఎన్‌ఏ బ్యాంకు మన దేశంలో లేదు. ఇరవై ఏళ్ల పాటు దాని మీద చర్చ జరిగింది, ముసాయిదాలు వచ్చాయి, బిల్లు లోక్‌సభ దాకా వెళ్లింది, వెనక్కి వచ్చింది. ఎందుకు వచ్చిందో చూసే ముందు, ఇప్పుడు జరుగుతున్నదేమిటో చూడాలి.

గుర్తు తెలియని శవం దొరికితే పోలీసులు శవ పంచనామా చేస్తారు, పోస్టుమార్టానికి పంపుతారు, ఫొటోలు తీస్తారు. మార్చురీలో సాధారణంగా మూడు రోజులు ఉంచుతారు. ఎవరూ రాకపోతే మునిసిపాలిటీ సిబ్బందో స్వచ్ఛంద సంస్థో ఖననం చేస్తారు. కొన్ని శవాలు అనాటమీ చట్టం కింద వైద్య కళాశాలకు వెళతాయి. ఇందులో ఎవరి తప్పూ లేదు. మార్చురీలో ఫ్రీజర్లు ఎన్ని ఉంటాయో, అవి ఎన్ని రోజులు పనిచేస్తాయో ఆ గుమ్మం తొక్కినవారికి తెలుసు. కానీ ఆ ఖననంతో పాటు ఆ మనిషి పేరు తెలుసుకునే అవకాశం కూడా దాదాపుగా మట్టిలో కలుస్తుంది. అంతకుముందు ఒక పన్ను తీసి దాచినా, ప్రత్యేకమైన కాగితం మీద నాలుగు చుక్కల రక్తం ఆరబెట్టి కవర్లో పెట్టినా, పదేళ్ల తర్వాత కూడా పనికొచ్చేది.

అవతలి వైపు కుటుంబం ఉంటుంది. స్టేషన్‌లో ‘మ్యాన్ మిస్సింగ్’ అని ఎఫ్‌ఐఆర్ రాసుకుంటారు. శవం లేదు కాబట్టి మరణ ధ్రువపత్రం లేదు. అది లేకపోతే బీమా డబ్బు రాదు, పొలం పట్టా మారదు, భార్యకు వితంతు పింఛను రాదు. ఏడేళ్ల పాటు ఆ మనిషి జాడ ఎవరికీ తెలియకపోతే చనిపోయినట్టు భావించవచ్చని భారతీయ సాక్ష్య అధినియం 111వ సెక్షన్ చెబుతుంది. పాత సాక్ష్య చట్టంలో ఇదే 108వ సెక్షన్. సంఖ్య మారింది, ఏడేళ్లు మారలేదు. ఆ ఏడేళ్లూ ఆమె భార్యా కాదు, వితంతువూ కాదు. పైగా ఆ భర్త శవం పక్క జిల్లాలో ఏడేళ్ల కిందటే దొరికి, పంచనామా అయి, ‘గుర్తు తెలియని’ అన్న శీర్షికతో ఫైలు మూతపడి ఉండవచ్చు.

ఇక సైన్సు. మన కణకేంద్రకంలోని డీఎన్‌ఏలో సగం అమ్మది, సగం నాన్నది. ఫోరెన్సిక్ ల్యాబ్ దాన్నంతా చదవదు. అందులో చిన్న అక్షరాల గుంపు వరసగా పదేపదే వచ్చే చోట్లు ఉంటాయి. ఒకరిలో తొమ్మిది సార్లు వస్తే మరొకరిలో పన్నెండు సార్లు వస్తుంది. అలాంటి చోట్లను కొన్ని ఎంచుకుని, ఒక్కోచోట రెండేసి అంకెలు రాసుకుంటారు: తల్లి నుంచి వచ్చినది ఒకటి, తండ్రి నుంచి వచ్చినది ఒకటి. అమెరికాలో ఎఫ్‌బీఐ జాబితాలో మొదట 13 చోట్లు ఉండేవి, 2017 నుంచి 20 అయ్యాయి. అంటే ఒక మనిషి ప్రొఫైల్ నలభై అంకెల వరస. 

నేరస్తుణ్ని పట్టుకోవడానికి ఈ అంకెలు వాడటం తేలిక. ఘటనాస్థలంలో దొరికిన నెత్తురూ, నిందితుడి నెత్తురూ ఒకటేనా అని చూస్తారు; నలభై అంకెలూ కలవాలి, కలవకపోతే వదిలేయాలి. తప్పిపోయిన మనిషి విషయం అలా కాదు. అతని నమూనా ఇంట్లో ఉండదు. పాత టూత్‌బ్రష్షో దువ్వెనో మిగిలితే అదృష్టం. లేకపోతే బంధువుల నుంచి లెక్క కట్టుకుంటూ రావాలి. తల్లిదండ్రులిద్దరూ నమూనా ఇస్తే లెక్క గట్టిగా నిలబడుతుంది. తల్లి ఒక్కతే ఉంటే ప్రతి చోటా ఒక అంకె మాత్రమే కలుస్తుంది. అన్నదమ్ములైతే మరీ చిక్కు: సొంత తోబుట్టువులైనా సగటున నాలుగింట ఒక చోట తల్లిదండ్రుల నుంచి వచ్చిన వాటా ఏదీ ఉమ్మడిగా ఉండదు. అలాంటప్పుడు తల్లి వరసలో మాత్రమే వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏను, తండ్రి వరసలో మగపిల్లలకు వచ్చే వై క్రోమోజోమును తోడు తెచ్చుకోవాలి. మైటోకాండ్రియా డీఎన్‌ఏకు ఇంకో సుగుణం ఉంది. కణానికి వందల ప్రతులు ఉంటాయి కాబట్టి పాత ఎముకలో, పంటిలో అదే చివరిదాకా మిగులుతుంది.

పోల్చాల్సిన శవాల సంఖ్య పెరిగేకొద్దీ యాదృచ్ఛికంగా కలిసేవీ పెరుగుతాయి. ఒక తల్లి ప్రొఫైల్‌ను పది శవాలతో పోల్చడం వేరు, నాలుగు లక్షలతో పోల్చడం వేరు. మన దగ్గర దీనికి స్థానికమైన మెలిక కూడా ఉంది. తరాల తరబడి కులం లోపలే పెళ్లిళ్లు, అందులోనూ మేనరికాలు. మేనమామను చేసుకున్న ఇంట్లో బిడ్డకూ బంధువులకూ మధ్య పంచుకున్న అంకెలు పాఠ్యపుస్తకంలోని లెక్క కన్నా ఎక్కువ ఉంటాయి. తండ్రెవరో చిన్నాన్నెవరో విడదీయడానికి ల్యాబ్ మరికొంచెం చెమటోడ్చాలి. ఏ సమూహంలో ఏ అంకె ఎంత తరచుగా వస్తుందో మన జనాభా మీదే లెక్కలు కట్టి ఉండాలి. ఇవన్నీ పరిష్కారం ఉన్న చిక్కులే. పరిష్కారానికి ఖర్చవుతుంది, అంతే.

ఇది మనకు చేతకాని విద్య కాదు. 1984లో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో అలెక్ జెఫ్రీస్ డీఎన్‌ఏ వేలిముద్రను కనుగొన్న కొద్ది ఏళ్లకే హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీలో లాల్జీ సింగ్ సొంత పద్ధతి తయారుచేశారు. పట్టీల కట్లపాము డీఎన్‌ఏ నుంచి తీసిన ముక్క దానికి ఆధారం. మన దేశంలో పామును చూసి పారిపోనివాళ్లు పుణ్యానికి పూజ చేస్తారు; ఆయన ల్యాబు దాకా తీసుకెళ్లారు. రాజీవ్ గాంధీ హత్య కేసు, ఢిల్లీ తందూర్ కేసు ఆ పద్ధతి చేతికే వచ్చాయి. 1990ల్లో హైదరాబాద్‌లోనే డీఎన్‌ఏ వేలిముద్రల కేంద్రం సీడీఎఫ్‌డీ ఏర్పడింది. 2006 చివర్లో నోయిడా దగ్గర నిఠారీలో బయటపడ్డ పిల్లల అవశేషాలను తల్లిదండ్రుల రక్తంతో పోల్చి పేర్లు తేల్చింది ఆ సంస్థే. ఆ తల్లిదండ్రుల్లో చాలామంది అంతకుముందే పిల్లలు కనిపించడం లేదని స్టేషన్ల చుట్టూ తిరిగినవాళ్లు.

ఇంకా దూరం వెళ్లాం. పంజాబ్‌లోని అజ్నాలాలో ఒక బావి నుంచి 2014లో అస్థిపంజరాలు తవ్వి తీశారు. వాటి పళ్లను సీసీఎంబీ తదితర సంస్థల శాస్త్రవేత్తలు పరీక్షించి, వారు గంగా మైదాన ప్రాంతం వారని 2022లో ప్రకటించారు. 1857లో తిరగబడి ప్రాణాలు పోగొట్టుకున్న బెంగాల్ సిపాయిలన్న చారిత్రక ఆధారంతో అది సరిపోయింది. అంటే నూట అరవై ఏళ్ల కిందటి సిపాయి ఏ ప్రాంతం వాడో హైదరాబాద్ చెప్పగలదు. నిన్న సికింద్రాబాద్ స్టేషన్ బయట కన్నుమూసిన ముసలాయనది ఏ ఊరో చెప్పమని దాన్ని అడిగే ఏర్పాటే లేదు.

అడిగిన సందర్భాల్లో ఎంత వేగంగా చెప్పిందో కూడా చూశాం. 2013 అక్టోబర్ 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర వోల్వో బస్సు కాలి 45 మంది చనిపోయినప్పుడు, ముఖం మిగలని దేహాలను బంధువుల రక్త నమూనాలతో పోల్చి అప్పగించారు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో విమానం కూలి 260 మంది మరణిస్తే, అత్యధికులను డీఎన్‌ఏతో గుర్తించి ఆ నెలాఖరులోపే పని ముగించారు. అదే నెల 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో ఫార్మా పరిశ్రమ పేలినప్పుడూ డీఎన్‌ఏనే దిక్కయింది. అక్కడ ఎనిమిది మంది ఆనవాళ్లే దొరకలేదు.

వీటన్నిటిలో ఒక సౌకర్యం ఉంది: జాబితా ముందే తెలుసు. ప్రయాణికులెవరో, ఆ షిఫ్టులో ఎవరున్నారో కాగితం మీద ఉంది. కుటుంబాలు తమంతట తామే ఆస్పత్రి ముందు వరుస కట్టాయి. జాబితా లేని చోట కథ మారిపోతుంది. 2013 జూన్‌లో కేదార్‌నాథ్ వరదల్లో పోయినవారి నమూనాలు హైదరాబాద్ సీడీఎఫ్‌డీకి వచ్చాయి. సరిపోలినవి చిన్న భాగమే, ఎందుకంటే ఇవతలి వైపు పోల్చడానికి నమూనా ఇచ్చిన కుటుంబాలు తక్కువ. 2023 జూన్‌లో ఒడిశా బాలేశ్వర్ రైలు ప్రమాదంలో ఒకే దేహాన్ని రెండు మూడు కుటుంబాలు తమదనుకున్నాయి, ఆ వివాదాలు డీఎన్‌ఏ తీర్చింది. అయినా నాలుగు నెలలు భువనేశ్వర్ ఎయిమ్స్‌లో శీతల కంటైనర్లలో ఎదురుచూసి, ఎవరూ రాని 28 దేహాలను అక్టోబర్‌లో దహనం చేశారు. దేశమంతా చూసిన ప్రమాదంలోనే ఇలా ఉంటే, ఎవరూ చూడని ఒంటరి చావుల సంగతి వేరే చెప్పాలా?

అలాంటివి ఎన్ని? లోక్‌నీతి ఫౌండేషన్ అనే సంస్థ 2012లో సుప్రీంకోర్టులో పిటిషన్ వేస్తూ ఏటా దాదాపు 40,000 గుర్తు తెలియని శవాలని చెప్పింది. వాటికీ తప్పిపోయినవారికీ డీఎన్‌ఏ బ్యాంకు పెట్టమని అడిగింది. ఆరేళ్ల తర్వాత, 2018 మే 1న, బిల్లు తెస్తామని కేంద్రం హామీ ఇవ్వడంతో కోర్టు కేసు ముగించింది. హామీ అబద్ధం కాదు. బిల్లు నిజంగానే తెచ్చారు. 2003లో బయోటెక్నాలజీ విభాగం మొదలుపెట్టిన కసరత్తు, 2007 ముసాయిదా, 2015 ముసాయిదా, 2017 లా కమిషన్ 271వ నివేదిక దాటుకుని, 2019 జనవరిలో లోక్‌సభ ఆమోదం పొందింది. ఎన్నికలొచ్చి మురిగిపోయింది. అదే జూలైలో మళ్లీ పెట్టారు, స్థాయీ సంఘానికి పంపారు, 2021 ఫిబ్రవరిలో నివేదిక వచ్చింది. 2023 జూలై 24న ప్రభుత్వం బిల్లును ఉపసంహరించుకుంది.

బిల్లు ప్రకారం డీఎన్‌ఏ బ్యాంకులో అయిదు విభాగాలు ఉండాలి. నేరస్థలం, అనుమానితులు, నేరస్తులు, తప్పిపోయినవారు, గుర్తు తెలియని మృతులు. మొదటి మూడూ పోలీసు పని. చివరి రెండూ మానవీయమైన పని. అయిదింటినీ ఒకే గూట్లో పెట్టేసరికి గొడవంతా మొదటి మూడింటి చుట్టూ తిరిగింది. విచారణలో ఉన్నవాడి ప్రొఫైల్ ఎంతకాలం ఉంచుతారు? నిర్దోషి అయితే తీసేస్తారా? ఈ బ్యాంకు ఏ కులాల మీద, ఏ మతాల మీద ఎక్కువగా పడుతుంది? హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ, సీపీఐ సభ్యుడు బినోయ్ విశ్వం అసమ్మతి పత్రాలు ఇచ్చింది ఈ భయాలతోనే. అవి అర్థం లేని భయాలు కావు. ఇంతలో 2022లో క్రిమినల్ ప్రొసీజర్ గుర్తింపు చట్టం వచ్చింది; దోషుల నుంచి, అరెస్టయినవారి నుంచి జీవ నమూనాలు తీసుకోవడానికి అందులో వీలు దొరికింది. డీఎన్‌ఏ బిల్లు ఉద్దేశం దాంతో నెరవేరిందని ప్రభుత్వం భావించింది. నిజమే, మూడు విభాగాల ఉద్దేశం నెరవేరింది. తప్పిపోయినవారి విభాగం గురించి ఆ కొత్త చట్టంలో ఏమీ లేదు. అది కూడా తప్పిపోయింది, మిస్సింగ్ కేసు పెట్టినవారు లేరు.

డబ్బు లేక అనుకుందామా? 2024 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఫోరెన్సిక్ మౌలిక సదుపాయాల పథకానికి అయిదేళ్లకు 2,254.43 కోట్ల రూపాయలు ఆమోదించింది. కొత్త ల్యాబులు, కొత్త క్యాంపస్‌లు. మంచిదే. కొత్త నేర చట్టాల ప్రకారం ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ బృందం ఘటనాస్థలానికి వెళ్లాలి కాబట్టి అవి కావలసిందే. ఇప్పుడు ఒక ఊహా లెక్క వేద్దాం. ఒక్కో శవం ప్రొఫైల్‌కు 10,000 రూపాయలు అనుకుంటే 40,000 శవాలకు ఏడాదికి 40 కోట్లు. కుటుంబాల నమూనాలకు, ఎముకల నుంచి తీయాల్సిన కష్టమైన కేసులకు, కంప్యూటర్లకు, జీతాలకు మరో 40 కోట్లు వేసుకున్నా 80. ఆ పథకంలో ఏడాదికి సగటున పడే 450 కోట్లలో అయిదో వంతు కూడా కాదు. అంకెలు అటూ ఇటూ అయినా ప్రభుత్వాలు భయపడే స్థాయి ఖర్చు కాదిది. చిక్కు మొత్తంలో లేదు, పద్దులో ఉంది. డీఎన్‌ఏ సైన్సు మంత్రిత్వ శాఖది, పోలీసు హోం శాఖది, మార్చురీ వైద్య శాఖది, పైగా పోలీసూ ఆస్పత్రీ రాష్ట్రాలవి. తప్పిపోవడం నేరం కాదు కాబట్టి ల్యాబ్ వరుసలో ఆ నమూనా ఎప్పుడూ హత్య, అత్యాచారం కేసుల వెనకే నిలబడాలి. తనకంటూ పద్దు లేనిదే ఆ వరుసలో ముందుకు జరగదు.

కెనడాలో ఈ పద్దు ఒక తల్లి పట్టుదలతో వచ్చింది. 1993లో వాంకూవర్ ద్వీపంలో పద్నాలుగేళ్ల అమ్మాయి మాయమైంది. దొరికిన అవశేషాలతో తన డీఎన్‌ఏను పోల్చి చూడమని తల్లి అడిగితే, నేరాలకు తప్ప ఇలాంటి వాటికి వీలు లేదన్నారు. తప్పిపోయినవారి వ్యవహారం రాష్ట్రాలదా కేంద్రానిదా అన్న చర్చ అక్కడా ఏళ్ల తరబడి నడిచింది. చివరకు 2014 బడ్జెట్‌లో అయిదేళ్లకు 81 లక్షల డాలర్లు కేటాయించారు. అప్పటి మారకంలో సుమారు 45 కోట్ల రూపాయలు. అప్పటి కెనడా జనాభా మన తెలంగాణ జనాభా అంతే, మూడున్నర కోట్లు. డబ్బు ప్రకటించాక కూడా కార్యక్రమం మొదలయ్యేసరికి 2018 మార్చి అయింది. కాబట్టి ఆలస్యం మన సొంత ఆవిష్కరణ కాదు. ఆ కార్యక్రమానికి దారి వేసిన చట్టాన్ని మాత్రం ఆ అమ్మాయి పేరుతోనే, లిండ్సే చట్టమని పిలుచుకుంటారు. తప్పిపోయినవారి కోసం కుటుంబాలు ఇచ్చే నమూనాలను అక్కడ నేరస్తుల జాబితాలతో పోల్చరు.

ఆ గోడ చాలా ముఖ్యం. 2022లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక సంగతి బయటపడింది. అత్యాచార బాధితురాలిగా ఒక మహిళ ఏళ్ల కిందట ఇచ్చిన డీఎన్‌ఏను, తర్వాత ఒక దొంగతనం కేసులో ఆమెకే వ్యతిరేకంగా వాడారు. రేపు తప్పిపోయిన కొడుకు కోసం నోట్లో దూది పుల్ల పెట్టించుకున్న తండ్రి మీద అదే జరిగితే మరో తండ్రి ముందుకు రాడు. ఇంకో సున్నితమైన సంగతీ ఉంది. కొడుకు కోసం రక్తమిచ్చిన తండ్రి ఆ బిడ్డకు అసలు తండ్రి కాదని పరీక్షలో తేలవచ్చు. అడగని ప్రశ్నకు జవాబు చెప్పకపోవడం ల్యాబ్ నియమాల్లో రాసి ఉండాలి, అంతా సిబ్బంది సంస్కారానికి వదిలేయకూడదు.

అర్జెంటీనా ఈ గోడను మొదటి నుంచే కట్టింది. సైనిక పాలనలో మాయమైనవారి బిడ్డలను సైనిక కుటుంబాలూ వారి సన్నిహితులూ పెంచుకున్నారు. మధ్య తరం లేదు, అమ్మమ్మలూ నానమ్మలే మిగిలారు. తాతల తరం నుంచి మనవల తరానికి నేరుగా లెక్క కట్టే పద్ధతిని అమెరికన్ శాస్త్రవేత్త మేరీ క్లెయిర్ కింగ్ తదితరులు రూపొందించారు. 1987లో ప్రత్యేక చట్టంతో, ప్రభుత్వ ఖర్చుతో జాతీయ జన్యు సమాచార బ్యాంకు పెట్టారు. 130 మందికి పైగా మనవలు తమ అసలు కుటుంబం ఎవరో తెలుసుకున్నారు. నమూనా ఇచ్చిన ముసలమ్మల్లో చాలామంది ఈలోగా కన్నుమూశారు. వాళ్ల రక్తం మాత్రం బ్యాంకులో ఉంది కాబట్టి పోలిక సాధ్యమైంది. మన దగ్గర ఎదురుచూస్తున్న తల్లిదండ్రుల వయసు కూడా ఆగడం లేదు. వాళ్లు పోయాక తోబుట్టువులతో లెక్క ఎంత బలహీనమో పైన చూశాం.

పార్లమెంటులో మళ్లీ బిల్లు పెట్టాలి, ఈసారి తప్పిపోయినవారు, గుర్తు తెలియని మృతులు అనే చివరి రెండు విభాగాలనే విడిగా పెట్టాలి. అప్పుడు అసమ్మతి పత్రాలకు పెద్దగా పని ఉండదు. అందాకా రాష్ట్రాలు చేతులు కట్టుకోనవసరం లేదు. హిమాచల్ ప్రదేశ్ ఫోరెన్సిక్ విభాగం గుర్తు తెలియని శవాల డీఎన్‌ఏ ప్రొఫైళ్లను దాచే పనిని 2022లోనే మొదలుపెట్టింది, కేంద్ర చట్టం కోసం ఆగకుండా. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలకు ఫోరెన్సిక్ ల్యాబులున్నాయి, పక్కనే సలహాకు సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ ఉన్నాయి. గుర్తు తెలియని ఏ శవాన్నీ నమూనా తీయకుండా ఖననం చేయరాదని ఒక ఉత్తర్వు. మిస్సింగ్ కేసు పెట్టి ఆరు నెలలైనా ఆచూకీ లేకపోతే, కుటుంబం కోరితే, స్టేషన్ ఖర్చు అడగకుండా నమూనా తీయించాలని ఇంకో ఉత్తర్వు. ఈ రెండింటికీ బడ్జెట్‌లో ఒక పద్దు. పోలికలు రేపు చేసినా ఫరవాలేదు, నమూనాలు ఈరోజు దాచాలి. దానికి పార్లమెంటు అక్కర్లేదు, రెండు జీవోలు చాలు.